ఇసుకలో అక్షరాలు: ఒక బోధనాపద్ధతి చరిత్ర

విద్యను గురించి ప్రతి తరములోను ఒక క్రొత్త పద్ధతి బయలుదేరుతుంది. దానికి ఒక పేరు పెడతారు, గ్రంథములు వ్రాస్తారు, సంఘములు స్థాపిస్తారు. ఇంతవరకు ఉన్న చదువంతా వ్యర్థమని కొందరు, ఈ క్రొత్త చదువంతా ప్రమాదమని కొందరు వాదిస్తారు. నలుబది ఏండ్లు గడచేసరికి ఆ పేరు ఎవరికీ జ్ఞాపకముండదు. పిల్లవాడు అక్షరము నేర్చుకొనవలసిన పని మాత్రము ఎప్పటివలెనే ఉంటుంది. ఇట్లు వచ్చి పోయిన పద్ధతులలో ఒకదాని చరిత్రను నేడు శ్రోతలకు మనవి చేయదలచినాము. దాని పేరు 'మద్రాసు పద్ధతి'. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభములో అది ఐరోపా, అమెరికా ఖండములలో మారుమ్రోగినది. దాని పుట్టుకతో మన వీథిబడికి సంబంధమున్నది. దాని పతనములో నేటికిని పనికివచ్చే పాఠమొకటి ఉన్నది.

ఆండ్రూ బెల్ స్కాట్లండు దేశీయుడు. 1753లో సెంట్ ఆండ్రూస్ పట్టణమున జన్మించినాడు. మతాచార్యుడై 1787లో ఇండియాకు వచ్చి చెన్నపట్టణమున నిలిచినాడు. 1789లో అక్కడి ఎగ్మూరులో సైనికుల అనాథబాలుర కొరకు ఒక శరణాలయము ఏర్పడినది. ఆ బాలుర తండ్రులు ఐరోపా సైనికులు. తల్లులు చాలవరకు ఈ దేశపు స్త్రీలు. శరణాలయములోని పాఠశాల పర్యవేక్షణను బెల్ వహించినాడు. దానికి జీతము పుచ్చుకొనలేదు. కాని అక్కడి ఉపాధ్యాయుల పని ఆయనకు తృప్తి కలిగించలేదు. అక్షరములు గుర్తుపట్టుటకే పిల్లలకు ఎంతో కాలము పట్టుతూ ఉండేది.

ఒకనాటి ఉదయము ఆయన గుర్రముపై పోతూ, ఒక నాటుబడిలో పిల్లలు నేలపై ఇసుక పరచుకొని వ్రేలితో అక్షరములు దిద్దుతూ ఉండగా చూచినాడు. కాగితము లేదు, కలము లేదు. తప్పు వ్రాస్తే అరచేతితో చెరిపి మరల వ్రాయవచ్చును. కన్ను, చెవి, నోరు, వ్రేలు ఏకకాలమున పనిచేస్తున్నవి. బెల్ పాఠశాలకు తిరిగివచ్చి, క్రింది తరగతి ఉపాధ్యాయుని అట్లే నేర్పుమన్నాడు. అతడు అది సాధ్యము కాదన్నాడు. అప్పుడు బెల్ జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేండ్ల బాలుని పిలిచి ఆ పని అప్పగించినాడు. పెద్దవాడు కాదన్న పనిని పిల్లవాడు చేసి చూపినాడు. ఆ మీదట బెల్ ఒక్కొక్క తరగతిని పై తరగతి బాలురకు అప్పగిస్తూ, తుదకు పాఠశాలనంతా పిల్లలచేతనే నడిపించినాడు. 1796లో ఇండియా విడిచి, మరుసటి యేడు లండనులో ఈ ప్రయోగమును గురించి ఒక చిన్న పుస్తకము ప్రకటించినాడు. మొదట దానిని పట్టించుకొన్నవారు తక్కువ.

1798లో లండనులోని సౌత్‌వార్కు ప్రాంతమున జోసెఫ్ లాంకాస్టర్ అనే ఇరువదేండ్ల యువకుడు బీదపిల్లల కొరకు బడి తెరచినాడు. అతడు క్వేకరు మతస్థుడు. జీతము చెల్లించలేనివారికి ఉచితముగానే చదువు చెప్పుతానన్నాడు. పిల్లలు వందలకొలది వచ్చినారు. సహాయోపాధ్యాయులను పెట్టుకొనుటకు ధనము లేదు. అందుచేత అతడును పెద్దపిల్లలనే మానిటర్లుగా నియమించినాడు. త్వరలోనే అతని పాఠశాలలో బాలుర సంఖ్య వేయికి చేరినది. ఒక్క ఉపాధ్యాయుడు వేయిమందికి చదువు చెప్పగలడని లాంకాస్టరు చాటినాడు. 1805లో మూడవ జార్జి రాజు అతనికి దర్శనమిచ్చి ప్రోత్సహించినాడు.

ఆనాటి బడిని శ్రోతలు ఒక్కమారు ఊహించవలెను. పొడవైన గదిలో బల్లలు వరుసలుగా ఉంటవి. ముందువరుస బల్లపై చిన్నపిల్లలకు ఇసుక, వెనుకవారికి పలకలు. పుస్తకములకు ఖర్చు లేకుండ పాఠములను పెద్ద అక్షరములతో అచ్చువేసి గోడకు వ్రేలాడదీసేవారు. పిల్లలు ఆ పాఠము ఎదుట అర్ధచంద్రాకారముగా నిలిచి చదివేవారు. పలకలు ఎత్తుట, దించుట, లేచుట, కూర్చుండుట అన్నియు సైనికుల కవాతువలె ఆజ్ఞలమీద నడిచేవి. హాజరు చూచుటకు ఒక మానిటరు, పలకలు పంచుటకు ఒక మానిటరు, మానిటర్లను చూచుటకు మరొక మానిటరు. తప్పుచేసినవానికి కొయ్యదుంగ మెడకు తగిలించుట, వానిని బుట్టలో కూర్చుండబెట్టి పైకప్పునుండి వ్రేలాడదీయుట వంటి శిక్షలను లాంకాస్టరే తన గ్రంథములో వర్ణించినాడు. యంత్రశాలలు వెలుస్తున్న కాలమది. పాఠశాల కూడ యంత్రమువలె నడుస్తుంటే చూచినవారు ముగ్ధులైనారు.

అటు తరువాత పద్ధతికంటె పద్ధతిపై వివాదము పెద్దదైనది. దీనిని కనిపెట్టినది బెల్ అని ఆంగ్లికన్ మతశాఖవారు, లాంకాస్టరు అని ఇతర శాఖలవారు పోట్లాడుకొన్నారు. లాంకాస్టరు పక్షమువారికి 1808లో ఒక సంఘము, బెల్ పక్షమువారికి 1811లో మరియొక సంఘము ఏర్పడినవి. పోటీవలన బడుల సంఖ్య పెరిగినది. న్యూయార్కులో 1806లోనే ఈ పద్ధతిపై బడి తెరచినారు. 1815 తరువాత ఫ్రాన్సుకు, రష్యాకు ప్రాకినది. దక్షిణ అమెరికా విముక్తిదాత బొలివారు లాంకాస్టరును కారకాసు నగరమునకు రప్పించుకొన్నాడు. తక్కువ ఖర్చుతో దేశమంతటికి చదువు వస్తుందంటే ఏ ప్రభుత్వమునకు మాత్రము ఆశ కలుగదు?

ఇంతకు ఈ పద్ధతి ఎవరిది? ఇసుక వరకు ఇక్కడినుండి తీసుకొన్నదేనని బెల్ ఒప్పుకొన్నాడు. పిల్లలచేత పిల్లలకు చెప్పించుట మాత్రము తన ఊహ అన్నాడు. కాని బెల్ రాకకు నూట అరువది ఏండ్లకు ముందు, 1623లో, పియెత్రో దెల్లా వల్లె అనే ఇటలీ యాత్రికుడు కన్నడదేశములోని ఇక్కేరిలో ఒక దృశ్యము చూచి వ్రాసిపెట్టినాడు. ఒక దేవాలయపు మండపములో నలుగురు బాలురు నేలపై ఇసుక చల్లుకొని, ఎక్కములు రాగముతో పాడుతూ, పాడినదానినే వ్రేలితో వ్రాస్తున్నారు. దగ్గర గురువు లేడు. మరచిపోతే దిద్దేవారెవరని ఆయన అడిగినాడు. నలుగురమూ ఒక్కమారే మరచిపోవుట జరుగదుగదా, ఒకరికి తోచనిది మరొకరు చెప్పుతారని పిల్లలు సమాధానమిచ్చినారు.

ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు కూడ 1814లో ఇండియాకు వ్రాసిన లేఖలో, హిందూదేశపు గ్రామోపాధ్యాయుల బోధనావిధానమును డాక్టరు బెల్ ద్వారా ఇంగ్లండు స్వీకరించుటయే దానికి గొప్ప ప్రశంస అని అంగీకరించినారు. ఆ లేఖనాటికి మన వీథిబడి ఎట్టి స్థితిలో ఉన్నదో తెలుసుకొనుటకు మంచి సాక్ష్యము కలదు. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో ప్రతి జిల్లా కలెక్టరును పాఠశాలల లెక్క పంపుమని ఆజ్ఞాపించినాడు. ఆ వివరములన్నియు చేరిన తరువాత 1826లో ఆయన తేల్చిన లెక్క ఇది: రాజధాని జనసంఖ్య 1,28,50,941; పాఠశాలలు 12,498; చదువుకొనేవారు 1,88,650. అనగా సుమారు 68 మందికి ఒకరు బడిలో ఉన్నారు.

ఈ నివేదికలలో మిక్కిలి విలువైనది బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823లో వ్రాసినది. నేటి అనంతపురము ప్రాంతము అప్పుడు బళ్ళారి జిల్లాలోనిదే. అతని లెక్కప్రకారము జిల్లాలో 533 బడులు. అందులో తెలుగువి 226, కన్నడమువి 235. విద్యార్థులు 6,641 మంది. ఉదయము అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేత గౌరవచిహ్నముగా సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవానికి సున్న, మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు; ఆపై వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి ఎక్కువ. పిల్లలు శక్తినిబట్టి సాధారణముగా నాలుగు తరగతులుగా ఉండేవారు. క్రింది తరగతులను కొంతవరకు పై విద్యార్థులు చూచేవారు. పై తరగతులను గురువే స్వయముగా చూచేవాడు. అట్లు చూస్తూనే బడినంతటిని ఓరకంట కనిపెట్టి ఉండేవాడు. పిల్లలచేత పిల్లలకు చెప్పించే ఈ ఏర్పాటును కాంబెల్ మెచ్చుకొని, ఇంగ్లండు దీనిని అనుకరించుట తగియున్నదన్నాడు.

ఇక్కడ ఒక చిన్న భాగహారము చేయవలసి ఉన్నది. 6,641 మందిని 533 బడులకు పంచితే బడికి పన్నెండుగురు, పదముగ్గురు వస్తారు. పన్నెండుగురున్న చోట పెద్దవాడు చిన్నవానికి అక్షరము దిద్దించినా, గురువు చూపు ఇద్దరిపైనను ఉంటుంది. చిన్నవాడు తప్పితే పెద్దవాడు దిద్దుతాడు. పెద్దవాడు తప్పితే గురువు దిద్దుతాడు. పైగా చెప్పినవానికి తన పాఠము మరింత గట్టిపడుతుంది. ఇదే ఏర్పాటును లాంకాస్టరు వేయిమందికి విస్తరించినాడు. గురువుకు సహాయముగా పుట్టినది అక్కడ గురువుకు బదులు వచ్చి నిలిచినది. సముద్రము దాటినప్పుడు ఇసుక వెళ్లినది, మానిటరు వెళ్లినాడు. గురువుగారి ఓరచూపు ఇక్కడనే ఉండిపోయినది.

ఫలితము కనబడుటకు ఎంతో కాలము పట్టలేదు. పదేండ్ల మానిటరు గోడమీది పాఠమును అప్పగించుకొనగలడు. దాని అర్థము అడిగితే చెప్పలేడు. వానికి తెలిసినది ఆ ఉదయము వాడు నేర్చుకొన్నంతే. తప్పొప్పులు చెప్పగలడుగాని తప్పు ఎందుకు వచ్చినదో కనిపెట్టలేడు. 1840 ప్రాంతమునకు ఇంగ్లండులో పద్ధతి ప్రతిష్ఠ సన్నగిలినది. 1846లో కే-షటిల్‌వర్త్ అనే విద్యాధికారి పూనికతో మరియొక ఏర్పాటు అమలులోకి వచ్చినది. పదమూడేండ్లు నిండిన తెలివిగల విద్యార్థులను ఐదేండ్లపాటు ప్రధానోపాధ్యాయునివద్ద శిష్యరికము చేయించి, ఆ తరువాత శిక్షణ కళాశాలకు పంపసాగినారు. న్యూయార్కులో ఈ పద్ధతితో బడులు నడిపిన సంఘము కూడ 1853లో నగరపు ప్రభుత్వపాఠశాలలలో కలిసిపోయినది. ఎక్కడ చూచినను తేలిన విషయము ఒక్కటే: చదువు చవుకగా రావలెనంటే వస్తుందిగాని, ఉపాధ్యాయుని తీసివేసి రాదు.

దాని కర్తల గతులు వేరైనవి. లాంకాస్టరు తన సంఘమువారితోనే కలహించి, అమెరికాకు పోయి, 1838లో న్యూయార్కు వీధిలో గుర్రపుబండి ప్రమాదమున మరణించినాడు. బెల్ 1832లో మరణించగా వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేసినారు. ఆయన విడిచిన ధనముతో సెంట్ ఆండ్రూస్‌లో వెలసిన పాఠశాల నేటికిని 'మద్రాసు కాలేజి' అనే పేరుతోనే నడుస్తున్నది.

అయితే వీథిబడిని స్వర్ణయుగముగా వర్ణించుట మా ఉద్దేశము కాదు. పిల్లలు వల్లించే పద్యముల భాష వారు మాట్లాడే భాషకు దూరమని, వందల పద్యములు అప్పగించే బాలునికి వాటి అర్థము తెలియదని కాంబెల్ అదే నివేదికలో వ్రాసినాడు. మంచి పుస్తకములు లేవు, సమర్థులైన గురువులు తక్కువ. ఆ 6,641 మందిలో బాలికలు 60 మంది. పూర్వము బడులున్న పెక్కు గ్రామములలో ఇప్పుడు లేవని, దానికి ప్రజల దారిద్ర్యమే కారణమని కూడ అతడు దాచక చెప్పినాడు. కాబట్టి పాతది గనుక మంచిదనుట ఎంత పొరపాటో, క్రొత్తది గనుక మంచిదనుట అంతే పొరపాటు. వీథిబడిలో మంచి ఉన్నచోట, గురువు పిల్లవానికి దగ్గరగా ఉన్నాడు. చెడు ఉన్నచోట, అర్థము లేని వల్లెవేత ఉన్నది. లండను బడి ఆ మంచిని వదలుకొని ఆ చెడును మిగుల్చుకొన్నది.

మానిటరు పద్ధతి పోయిన తరువాత ఇంగ్లండులో తూనికల పద్ధతి వచ్చినది. 1862లో రాబర్ట్ లో అనే మంత్రి, ఫలితమునుబట్టి ధనసహాయమనే నిబంధన పెట్టినాడు. ఇన్‌స్పెక్టరు పరీక్షలో పిల్లవాడు చదువుట, వ్రాయుట, లెక్క అనే మూడింటిలో దేనిలో తప్పినా పాఠశాలకు 2 షిల్లింగుల 8 పెన్నీలు తగ్గిపోయేవి. ఈ మూడును విద్యకు పునాదులే, సందేహము లేదు. కాని పునాదిని డబ్బుతో తూచుట మొదలుపెట్టగానే, బడులలో పరీక్షకు పనికివచ్చేదే పాఠమైనది. కవి మాథ్యూ ఆర్నాల్డు తాను ఇన్‌స్పెక్టరుగా ఉండియు దీనిని ఖండించినాడు. మద్రాసు రాజధానిలోని ప్రాథమిక పాఠశాలలకు గూడ ఈ నియమము కొంతకాలము వర్తించినది. 1890 దశకములో ఇంగ్లండులో ఇదియు అంతరించినది.

ఇరువదవ శతాబ్దిలో మానిటరు స్థానమును యంత్రములు ఆక్రమించినవి. ఇక పుస్తకములకు కాలము చెల్లినదని, పదేండ్లలో పాఠశాలలు చలనచిత్రములతో పూర్తిగా మారిపోగలవని 1913లో ఎడిసన్ అన్నాడు. ఆ పదేండ్లు గడచి నూరేండ్లయినది. పుస్తకము బడిలోనే ఉన్నది. తరువాత రేడియో వంతు వచ్చినది, ఆపైన టెలివిజను వంతు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహము ద్వారా మన దేశమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారమైనవి. ఆనాటి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఏడాది నిండగానే ఉపగ్రహము తరలిపోయినది. ఆ ప్రయోగములో భాగముగా వేలాది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ లభించినది. అది ఉపగ్రహముతో తరలిపోయేది కాదు.

మైకు ముందు కూర్చుండే మేము ఈ విచారణనుండి తప్పించుకొనజాలము. మా గొంతు ఒక్కమారే వేల ఇండ్లకు చేరుతుంది. లాంకాస్టరు కలగన్న వేయిమంది మాకు లెక్కలోనిది కాదు. కాని మేము చెప్పిన మాట అర్థముగాక ఒక పిల్లవాడు కనుబొమలు ముడిచితే మాకు కనబడదు. వాని ప్రశ్న మాకు వినబడదు. మా పాఠము వాని ప్రక్కనున్న ఉపాధ్యాయునికో, తల్లికో, అన్నకో సహాయముగా నిలిచినంతవరకే పాఠము. వారికి బదులుగా నిలువబోతే వట్టి ధ్వని. కరోనా కాలములో బడులు మూతపడగా 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణ విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠములు వచ్చినవి. వేరు మార్గము లేనప్పుడు అది మేలైన పనే. అయినను గ్రామీణ భారతములో మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠము చదువగలవారు 2018లో నూటికి 27.3 మంది ఉండగా, 2022లో 20.5కు తగ్గినారని అసర్ సర్వే తెలిపినది. 2024లో తిరిగి 27.1కి చేరినారు. చేరినందుకు సంతోషమే, కాని నూటికి డెబ్బది ఇద్దరికి పైగా ఇంకను చదువలేకున్నారని కూడ ఆ అంకెయే చెప్పుతున్నది.

ఈ లోపమునకు నేడు మన దేశములో పనిచేస్తున్న ఉపాయములలో ఒకటి గమనించదగినది. పిల్లలను వయస్సునుబట్టి గాక, ప్రస్తుతము చదువగల శక్తినిబట్టి చిన్న చిన్న గుంపులుగా కూర్చుండబెట్టి, అక్కడినుండి పైకి నడిపించుట. ప్రథమ్ సంస్థ అనేక రాష్ట్రములలో ఇట్లు చేయించి మేలు ఫలితములు చూపినది. ఇందులో వినూత్నమేమున్నది? కాంబెల్ చూచిన నాలుగు తరగతులు ఇటువంటివే. బెల్, లాంకాస్టరు ఇద్దరును పిల్లలను విభజించిన తీరు ఇదే. వారి పద్ధతిలో పనికివచ్చిన భాగము ఎక్కడికీ పోలేదు. పేరు పోగొట్టుకొని బ్రతికి ఉన్నది. పిల్లవాడు ఎక్కడ ఉన్నాడో అక్కడనే ఆరంభించుట; వ్రేలికి, నోటికి, బుద్ధికి ఒక్కమారే పని కల్పించుట; నేర్చినదానిని మరొకరికి చెప్పించుట; చదివినదానికి అర్థము అడుగుట; ఇవన్నియు జరుగుతూ ఉండగా పెద్దవారొకరు కనిపెట్టి ఉండుట. ఏ కాలములోనైనను చదువు వీటిమీదనే నిలిచినది. ఇక ముందు వచ్చే పద్ధతి ఏ పేరుతో వచ్చినను, ఎంత అందమైన పెట్టెలో వచ్చినను, అది గురువును పిల్లవానికి దగ్గరగా తెస్తున్నదా, మధ్యన అడ్డుగా నిలుస్తున్నదా అని తల్లిదండ్రులు విచారించవలెను.

శ్రోతలకు చివరగా ఒక మనవి. మీ ఇంట బడికిపోయే పిల్లలుంటే, మా పాఠ్యప్రసారము ముగిసిన వెంటనే రేడియో కట్టివేసి, విన్నదానిని చిన్నతమ్మునికో చెల్లెలికో చెప్పుమని పెద్దపిల్లవానిని కోరండి. వాడు ఎక్కడ తడబడుతాడో ఓరకంట గమనించండి. పాఠములో మేము చేయలేని భాగము అదియే. అది మీ ఇంట జరుగవలసినది.